లిటరల్లీ: ఉన్నదున్నట్టు చెప్పే మాట నొక్కి చెప్పే మాటగా మారిన తీరు

హైదరాబాద్ మెట్రోలోనో, విజయవాడలో ఏదైనా కాలేజీ క్యాంటీన్‌లోనో కాసేపు కూర్చుంటే ఇలాంటి మాటలు చెవిన పడతాయి. "క్లైమాక్స్‌లో లిటరల్లీ ఏడ్చేశా." "లిటరల్లీ రెండు నిమిషాల్లో అక్కడుంటా." "వాడి మాటలకి లిటరల్లీ నవ్వలేక చచ్చిపోయాం." మూడు వాక్యాల్లోనూ మాట ఒకటే, పని మాత్రం ఒకటి కాదు. మొదటి మనిషి నిజంగానే కన్నీళ్లు పెట్టుకుని ఉండొచ్చు. రెండో మనిషి గడియారం చూసి చెప్పడం లేదు, ఎక్కువసేపు పట్టదని భరోసా ఇస్తున్నాడు. మూడో వాక్యంలో ఎవరూ చావలేదు. ఇంగ్లిష్ క్రియావిశేషణాల్లో ఇంత వాడకం, ఇన్ని తిట్లు ఒకే మాటకు దక్కడం అరుదు. ఈ మాట మన సంభాషణల్లోకి కూడా పూర్తిగా వచ్చేసింది కాబట్టి, అది ఎక్కడ పనికొస్తుందో ఎక్కడ దెబ్బతీస్తుందో తెలుసుకోవడం అవసరం.

లాటిన్‌లో లిటెరా అంటే అక్షరం. అక్కడి నుంచి వచ్చిన లిటరల్ అనే విశేషణం ఇంగ్లిష్‌లో మొదట బైబిల్ చదివే పద్ధతికి సంబంధించినది. మధ్యయుగపు యూరప్ పండితులు బైబిల్ వాక్యాలకు నాలుగు అంచెల్లో అర్థం చెప్పేవారు. అక్షరాల్లో కనిపించే అర్థం, దాని వెనుక ఉన్న సంకేతం, అందులోని నీతి, పరలోకానికి సంబంధించిన అర్థం. వీటిలో మొదటిది లిటరల్. కాబట్టి లిటరల్లీ అంటే అసలు అర్థం 'రాసి ఉన్నది రాసి ఉన్నట్టుగా, ఇంకే అర్థమూ తీయకుండా' అని.

తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే మాట అక్షరాలా. ఈ రెండు మాటలూ అక్షరం నుంచే పుట్టాయి. ప్రోనోటులో 'రూ. 50,000, అక్షరాలా యాభై వేల రూపాయలు' అని రాస్తారు. అంకెకు పక్కన ఒక సున్నా చేర్చడం తేలిక, అక్షరాల్లో రాసినదాన్ని మార్చడం కష్టం. అందుకే ఆ పద్ధతి. అక్కడ అక్షరాలా అనే మాటకు పూర్తిగా మూలార్థమే ఉంది. 'ఆయన చెప్పింది అక్షరాలా నిజం' అన్నప్పుడు అది ఒక మెట్టు జరిగి 'పొల్లుపోకుండా' అనే అర్థానికి వచ్చింది. 'వరదల్లో జనం అక్షరాలా నరకం చూశారు' అని పత్రికలో చదివినప్పుడు ఇంకో మెట్టు జరిగింది. నరకాన్ని ఎవరూ చూడలేదు, బాధ ఎంత తీవ్రమో ఆ మాట చెబుతోంది. అంటే ఇంగ్లిష్ మాట చేసిందని అందరూ వేలెత్తి చూపే తప్పును మన మాట కూడా చేసింది. దాన్ని మాత్రం ఎవరూ తప్పుపట్టరు.

ఇంగ్లిష్‌లో ఈ మాట రోజువారీ వాడకాన్ని గమనిస్తే మూడు నాలుగు పనులు కనిపిస్తాయి. మొదటిది మూలార్థం. ఒక జాతీయాన్ని మాటకు మాటగా అనువదించినప్పుడు, లేదా అలంకారంగా వినిపించే విషయం నిజంగానే జరిగినప్పుడు ఇది వస్తుంది. ఒక వంటవాడి చెయ్యి కాలి, అతను 'లిటరల్లీ చేతులు కాల్చుకున్నాను' అంటే అది ఈ పద్ధతి. వినేవాడు దాన్ని జాతీయంగా అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి, కాదని ముందే హెచ్చరిస్తున్నాడు. ఈ మాటకు ఇంతకు మించిన మంచి చోటు లేదు.

రెండోది హద్దు గీసే పని. 'ఆఫీసు లిటరల్లీ పక్క వీధిలోనే', 'లిటరల్లీ ఇప్పుడే లేచాను', 'చేయాల్సింది లిటరల్లీ ఒక్క క్లిక్'. ఇక్కడ అర్థం 'అంతే, అంతకు మించి లేదు' అని. తెలుగులో 'ఇక్కడిక్కడే', 'ఇప్పుడిప్పుడే', 'ఒకే ఒక్క' అని మాటను రెట్టించి సాధించే పనిని ఇంగ్లిష్‌లో ఈ క్రియావిశేషణం చేస్తోంది. నిఘంటువుల గొడవల్లో దీని ప్రస్తావన తక్కువగానీ, యువత నోట వినిపించేదాంట్లో పెద్ద భాగం ఇదే. మూడోది అతిశయోక్తికి బలం ఇచ్చే పని. కోపాలన్నీ దాని మీదే. ఇవి కాక, ఎదుటివాడు చెప్పినదానికి 'అవునవును, సరిగ్గా అదే' అన్నట్టు ఒంటి మాటగా 'లిటరల్లీ!' అనడం కూడా ఈమధ్య బాగా వినిపిస్తోంది. ఉచ్చారణలో ఇంగ్లండ్‌వాళ్లు మధ్య అచ్చును మింగేసి 'లిట్రలీ' అంటారు, అమెరికన్ల నోట ట కాస్తా డ లాగా మారి 'లిడరలీ' అని వినిపిస్తుంది.

మూడో పని కొత్త తరం కనిపెట్టిందని, ఫోన్లూ సోషల్ మీడియా వచ్చాక భాష పాడైందని చాలామంది నమ్మకం. తేదీలు వేరే కథ చెబుతాయి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు ఈ వాడకానికి చూపించే పాత ఉదాహరణ 1769 నాటిది. ఫ్రాన్సెస్ బ్రూక్ అనే రచయిత్రి క్విబెక్ నేపథ్యంగా రాసిన ఉత్తరాల నవలలో, అందమైన స్త్రీల మధ్యకు వచ్చిపడిన ఒకతని అదృష్టం గురించి, అది లిటరల్లీ లిల్లీ పూల మధ్య మేయడమేనని ఒక పాత్ర అంటుంది. లిల్లీల మధ్య మేయడమనే మాట బైబిల్‌లోని పరమగీతంలోది. మేత లేదు, పూలూ లేవు. అయినా ఆ మాట అక్కడ ఉంది. 1876లో అమెరికన్ రచయిత మార్క్ ట్వైన్ తన నవలలోని కుర్రాడు టామ్ సాయర్‌ను మధ్యాహ్నానికల్లా లిటరల్లీ సంపదలో దొర్లించాడు. ఆ సంపదంతా కంచెకు సున్నం వేసే పనిని తోటి పిల్లలకు అంటగట్టి సంపాదించిన గోలీలూ పగిలిన గాజు ముక్కలూ లాంటివే. ఐర్లండ్ రచయిత జేమ్స్ జాయిస్ 1914లో వచ్చిన డబ్లిన్ కథల సంపుటిలోని చివరి కథను ఈ మాటతోనే మొదలుపెట్టాడు. వచ్చే అతిథులకు తలుపు తీసి తీసి కాళ్లు నిలవని పనిపిల్ల గురించిన వాక్యం అది. ఆ పిల్ల తన గురించి తాను చెప్పుకుంటే ఏ మాట వాడుతుందో ఆ మాటనే కథకుడు తీసుకున్నాడు. అంటే అప్పటికే డబ్లిన్‌లో మామూలు మనుషులు ఇలా మాట్లాడుతున్నారన్నమాట.

తిట్లు కూడా పాతవే. 1909లో అమెరికన్ రచయిత ఆంబ్రోస్ బియర్స్ తప్పు వాడకాల జాబితా ఒకటి పుస్తకంగా వేశాడు. అతిశయోక్తి చెప్పడమే బాగోలేదనుకుంటే, ఆ అతిశయోక్తి నిజమని సాక్ష్యం పలకడం భరించలేనిదని అందులో రాశాడు. అదే 1909లో వెబ్‌స్టర్ పెద్ద నిఘంటువు ఈ వాడకాన్ని నమోదు చేసింది. 1926లో ఇంగ్లండ్ నిఘంటుకారుడు ఫౌలర్, ఏ మాట ఎలా వాడాలో చెప్పే తన వ్యవహార నిఘంటువులో దీన్ని దొంగ నాణెంతో పోల్చాడు. 2011 సెప్టెంబరులో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఈ అర్థాన్ని చేర్చింది. దాదాపు రెండేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 2013 ఆగస్టులో విషయం బయటపడి బ్రిటన్, అమెరికా పత్రికల్లో పెద్ద గొడవైంది. ఇంగ్లిష్ చచ్చిపోయిందని రాసినవాళ్లు కూడా ఉన్నారు. నిఘంటువు పని జనం ఎలా మాట్లాడాలో ఆజ్ఞాపించడం కాదు, ఎలా మాట్లాడుతున్నారో రాసిపెట్టడం. రెండున్నర శతాబ్దాలుగా ఉన్న వాడకాన్ని రాయకపోతేనే అది తన పని చేయనట్టు.

అయితే ఆ గొడవలో అందరి నోటా నానిన ఒక వాదన ఉంది. లిటరల్లీ ఇప్పుడు తన అర్థానికి వ్యతిరేకమైన అర్థాన్నే సంపాదించుకుందని, అంటే 'అలంకారంగా' అని అర్థమొస్తోందని. ఇది పొరపాటు. 'నవ్వలేక లిటరల్లీ చచ్చాను' అనే వాక్యంలో ఆ మాట తీసి 'అలంకారంగా' అని పెట్టి చూస్తే వాక్యం చప్పబడిపోతుంది. చెప్పేవాడి ఉద్దేశం అది కానే కాదు. తాను పోల్చి చెబుతున్నానని అతను ప్రకటించడం లేదు, పోలికను ఇంకాస్త గట్టిగా నొక్కుతున్నాడు. అలంకారం 'చచ్చాను' అనే మాటలో ఉంది, లిటరల్లీలో లేదు. లిటరల్లీ అక్కడ చేసేది 'అమ్మతోడు నవ్వలేక చచ్చాం' అనే వాక్యంలో అమ్మతోడు చేసే పనే. అమ్మ మీద ఒట్టేశాడు కాబట్టి నిజంగా ప్రాణం పోయి ఉండాలని ఎవరూ నిలదీయరు. అమ్మతోడు అంటే అబద్ధమనే అర్థం వచ్చేసిందని కూడా ఎవరూ అనరు.

నిజాన్ని సూచించే మాటలు నొక్కి చెప్పే మాటలుగా మారడం భాషల్లో చాలా మామూలు సంగతి. ఇంగ్లిష్‌లో అందరికీ తెలిసిన వెరీ అనే మాట పాత ఫ్రెంచ్ నుంచి వచ్చింది. దాని అర్థం 'నిజమైన'. 14వ శతాబ్దపు కవి చాసర్ తన వీరుణ్ణి వర్ణిస్తూ ఈ మాట వాడినప్పుడు 'చాలా' అని కాదు, 'సిసలైన' అని అర్థం. తర్వాత ఆ నిజం అరిగిపోయి తీవ్రత మాత్రమే మిగిలింది. వెరీ పాతబడ్డాక రియల్లీ వచ్చింది. దానికీ మూలం నిజమే. రికా ఇటో, సాలీ టాగ్లియామోంటే అనే ఇద్దరు భాషావేత్తలు ఇంగ్లండ్‌లోని యార్క్ నగరవాసుల మాటల్ని పరిశీలించి 2003లో ప్రచురించిన వ్యాసంలో, పెద్దవాళ్ల నోట వెరీ, కుర్రవాళ్ల నోట రియల్లీ ముందున్నాయని చూపించారు. ఒక మాట వాడి వాడి పదును పోతుంది, కొత్త తరం ఇంకోటి అందుకుంటుంది. లిటరల్లీ ఆ వరుసలో వచ్చినదే.

తెలుగులో ఈ వరుస ఇంకా రంగురంగులుగా ఉంటుంది. చాలా అనే మాటే చాలు నుంచి వచ్చింది. 'సరిపడా' అనే అర్థం నుంచి 'మిక్కిలి' అనే అర్థానికి ఎదిగింది. నిజంగా అనేది 'నిజంగా బాగుంది' అన్నప్పుడు నిజానిజాల లెక్క చెప్పదు. కళ్లెదుట అనే అర్థమున్న సాక్షాత్తూ కూడా ఎప్పుడో నొక్కి చెప్పే మాటైంది. భయం నుంచి దారుణంగా, ఘోరంగా వచ్చాయి. చావు నుంచి యమ వచ్చింది, 'యమ స్పీడు' అంటాం. మత్తు అర్థమిచ్చే పారశీ మాట తెలంగాణలో మస్తు అయ్యింది. పిచ్చి నుంచి 'పిచ్చపిచ్చగా నచ్చేసింది' పుట్టింది. ఇన్ని ఉండగా లిటరల్లీ ఎందుకని అడగొచ్చు. ఇవన్నీ ఎంత అనే కొలతను చెబుతాయి. లిటరల్లీ మాత్రం కొలతతో పాటు 'కల్పించి చెప్పడం లేదు' అనే హామీని కూడా ఇస్తుంది. ఆ హామీ కోసమే జనం దాన్ని పట్టుకున్నారు. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది.

ఆ చిక్కును అర్థం చేసుకోవడానికి మన అలంకారశాస్త్రం దగ్గర మంచి సాధనం ఉంది. అసలు అర్థం కుదరనప్పుడు దానికి సంబంధించిన ఇంకో అర్థాన్ని ఇచ్చే శక్తి మాటకు ఉంటుంది, దాన్ని లక్షణ అంటారు. దాన్ని వివరించేటప్పుడు పండితులు ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణ 'గంగాయాం ఘోషః'. గంగలో గొల్లపల్లె ఉందని దాని మాటలకర్థం. నీటి ప్రవాహం మీద పల్లె ఉండదు. అసలు అర్థం కుదరదు కాబట్టి వినేవాడి మనసు దానంతటదే 'గంగ ఒడ్డున' అనే అర్థానికి వెళ్తుంది. ఇలా అసలు అర్థానికి అడ్డు తగలడాన్ని ముఖ్యార్థ బాధ అన్నారు. ఆ అడ్డు ఉంటేనే మనసు రెండో అర్థానికి మళ్లుతుంది. లేకపోతే మొదటి అర్థం దగ్గరే ఆగిపోతుంది.

ఈ సూత్రాన్ని లిటరల్లీకి పెట్టి చూస్తే విమర్శకులు ఇన్నాళ్లూ తప్పు వాక్యాల మీద విరుచుకుపడ్డారని తెలుస్తుంది. 2012లో అప్పటి బ్రిటన్ ఉప ప్రధాని నిక్ క్లెగ్, చాలా తక్కువ పన్ను కడుతున్న సంపన్నుల గురించి మాట్లాడుతూ వాళ్లు లిటరల్లీ వేరే గెలాక్సీలో ఉన్నారన్నట్టు చెప్పి ఎగతాళి పాలయ్యారు. కానీ ఆ మాటతో మోసపోయినవాళ్లు ఒక్కరూ లేరు. మనుషులు వేరే గెలాక్సీలో ఉండలేరని అందరికీ తెలుసు, ముఖ్యార్థానికి అడ్డు స్పష్టంగా ఉంది. నవ్వలేక చావడం, తల పేలిపోవడం, కడుపులో ఎలుకలు పరుగెత్తడం కూడా అంతే. వీటి పక్కన లిటరల్లీ చేరితే సొగసు తగ్గుతుందేమో, అపార్థం మాత్రం రాదు.

అపార్థం వచ్చేది జరగడానికి వీలున్న సంగతుల దగ్గర. 'మూడు రోజుల నుంచి లిటరల్లీ ఏమీ తినలేదు.' 'రాత్రంతా లిటరల్లీ నిద్ర లేదు.' 'మా టీమ్‌లో లిటరల్లీ అందరూ రాజీనామా చేస్తున్నారు.' 'అకౌంట్‌లో లిటరల్లీ సున్నా ఉంది.' ఇవన్నీ నిజం కావచ్చు, అతిశయోక్తి కూడా కావచ్చు. ముఖ్యార్థానికి అడ్డేమీ లేదు. వినేవాడు వీటిని నిజమనే తీసుకుంటాడు, అలా తీసుకోవడమే న్యాయం కూడా. డాక్టర్ దగ్గర కూర్చుని మూడు రోజులుగా లిటరల్లీ ఏమీ తినలేదని చెబితే ఆయన దాన్ని బట్టే పరీక్షలు రాస్తారు. అసలు సంగతి రోజుకు ఒక ఇడ్లీతో సరిపెడుతున్నారనైతే ఆ లెక్క మారిపోతుంది. దీనికి ఎదురు పరిస్థితి ఇంకా బాధాకరం. నిజంగానే ఏమీ తినలేకపోయిన రోగి అదే మాట అంటే, అందరూ అనే మాటే కదా అని తేలిగ్గా కొట్టిపారేసే అవకాశం ఉంది. అతిశయోక్తి చేసేవాళ్ల వల్ల నష్టపోయేది నిజం చెబుతున్నవాళ్లు.

ఆఫీసు ఈమెయిళ్లలో ఇది తరచుగా ఎదురవుతుంది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా క్లయింట్‌కు రాసేవాళ్లు రోజంతా సినిమాల్లో, రీల్స్‌లో విన్న ఇంగ్లిష్‌నే రాతలోకి తెస్తుంటారు. 'సర్వర్ లిటరల్లీ డౌన్' అని రాస్తే అవతలివాళ్లు సర్వర్ పూర్తిగా ఆగిపోయిందని అర్థం చేసుకుంటారు. నెమ్మదిగా నడుస్తోందని చెప్పడం ఉద్దేశమైతే ఆ వాక్యం తప్పు సమాచారమే. ఇంటర్వ్యూలు, పోలీసు ఫిర్యాదులు, బీమా క్లెయిములు, టీచర్లకు రాసే ఉత్తరాలు, వీటన్నిటిలోనూ మాటల మూలార్థానికే విలువ. అలాంటి చోట అతిశయోక్తికి వాడే లిటరల్లీని పూర్తిగా వదిలేయడం మంచిది. స్నేహితుల మధ్య కబుర్లకు ఈ నియమం అక్కర్లేదు. అక్కడ దాన్ని వెతికి పట్టుకుని సరిదిద్దేవాళ్లు భాషకు మేలేమీ చేయడం లేదు.

తెలుగు వాక్యంలో కలిసినప్పుడు ఈ మాట ఇంకో రకంగా ప్రవర్తిస్తుంది. మన అతిశయోక్తుల్లో చాలావాటికి లోపలే ఒక పట్టు ఉంటుంది. 'గుండె ఆగినంత పనైంది', 'చచ్చి బతికినట్టైంది', 'ప్రాణం పోయిందనుకో'. అంత, అట్టు, అనుకో అనే ముక్కలు ఇది పోలికేనని చెప్పకనే చెబుతాయి. కాబట్టి 'లిటరల్లీ గుండె ఆగినంత పనైంది' అనే వాక్యంలో తర్కపరంగా ఏ తప్పూ లేదు. నిజంగానే ఆగినంత పనైంది, ఆగలేదు. ఇంగ్లిష్ వాక్యంలో ఇలాంటి ముక్క తప్పనిసరి కాదు. అది లేనప్పుడు 'గుండె ఆగిపోయింది' అనే నేరు వాక్యానికే లిటరల్లీ తగులుకుంటుంది. ఒకే మాట రెండు భాషల్లో రెండు రకాలుగా వినిపించడానికి ఇదొక కారణం.

సబ్‌టైటిళ్లు రాసేవాళ్లు, వార్తలు అనువదించేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. లిటరల్లీ కనిపించిన ప్రతిచోటా అక్షరాలా అని పెట్టేస్తారు. పదహారేళ్ల అమ్మాయి స్నేహితురాలితో 'నేను అక్షరాలా చచ్చిపోయాను' అంటున్నట్టు తెర మీద కనిపిస్తే అది ఏ తెలుగు అమ్మాయి మాటా కాదు. అక్కడ 'సిగ్గుతో చచ్చాననుకో' అంటే సరిపోతుంది. లిటరల్లీకి విడిగా ఒక మాట వెతకక్కర్లేదు, 'అనుకో'లో దాని పని జరిగిపోయింది. అదే మాట హద్దు గీసే పని చేస్తుంటే 'ఒక్క నిమిషమంటే ఒక్క నిమిషం' లాంటి రెట్టింపు సరిగ్గా అతుకుతుంది. కోర్టు తీర్పు గురించిన వార్తలో మూలార్థంలో వస్తే 'తు.చ. తప్పకుండా' అనొచ్చు. సంస్కృత శ్లోకాల్లో పాదం నింపడానికి వాడే తు, చ అనే చిన్న మాటలు కూడా జారిపోకుండా అన్నది దాని భావం. 'మాటకు మాట', 'ఉన్నదున్నట్టు' కూడా ఉన్నాయి. చోటును బట్టి ఎంచుకోవాలి తప్ప ఒకే మాటతో అన్నిటినీ కప్పలేం.

మూలార్థమే చెప్పాలనుకుని, వినేవాడు నమ్మడేమోనని అనుమానం ఉన్నప్పుడు ఏం చేయాలన్నది మిగిలిన ప్రశ్న. ఇంగ్లిష్‌లో మాట్లాడేవాళ్లు 'అతిశయోక్తి కాదు' అని విడిగా చెప్పాల్సి వస్తోంది, లేదా వివరం జోడించాల్సి వస్తోంది. 'రాత్రంతా లిటరల్లీ నిద్ర లేదు' అనే బదులు 'పదింటికి పడుకుంటే తెల్లారి ఐదింటి వరకు కన్ను మూతపడలేదు' అంటే ఏ క్రియావిశేషణం అవసరమూ ఉండదు. తెలుగుకు ఇంకో వెసులుబాటు ఉంది. 'నిజంగా చచ్చిపోయాను' అంటే నొక్కి చెప్పడం. 'నిజంగానే చచ్చిపోయాడు' అంటే మనిషి పోయాడు. చివర చేరిన చిన్న ఏ-కారం ఆ మాటను మళ్లీ తన అసలు అర్థం దగ్గరికి తీసుకొస్తోంది. ఇంగ్లిష్‌లో దీనికి సరిపోయే ప్రత్యయం లేదు, గొంతుతో ఒత్తి పలికి చూపించాలి. రాతలో ఆ ఒత్తు కనిపించదు.